వేలిముద్రలు కనిపెట్టింది ఎవరు: హెన్రీనా, గాల్టనా, మనోళ్ళా?

తమ్మీ, నువ్వడిగినవి రెండు ముచ్చట్లు. ఎస్సై ఎగ్జామ్‌కు చదువుతుంటే ఒక గైడ్‌లో వేలిముద్రలు కనిపెట్టింది హెన్రీ అని ఉంది, ఇంకోదాంట్లో గాల్టన్ అని ఉంది, యూట్యూబ్‌లో ఏమో ఇద్దరు మన ఇండియన్స్ కనిపెడితే తెల్లదొర పేరు కొట్టేసిండు అంటున్నరు, ఏది రైట్ అని ఒకటి. దేవరకొండ దగ్గర మీ ఊర్లో మీ నానమ్మకు రేషన్ షాపులో వేలు పడుతలేదు, ముద్ర చచ్చేదాకా మారదు అని పుస్తకంలో ఉంటే మరి ఇదెందుకు అని ఇంకొకటి. నేను ఫింగర్‌ప్రింట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన, ఎక్కువ సర్వీస్ నల్లగొండ, నడుమ కొన్నేండ్లు పాలమూరు. జర పెద్దగనే రాస్తున్న, తీరిక చేసుకొని చదువు.

సూటిగ చెప్పాల్నంటే ఏ ఒక్కడూ కనిపెట్టలే. వాడుకలోకి తెచ్చినోడు హెర్షెల్, నేరం జరిగిన జాగాలో దొరికిన ముద్రతో దొంగను పట్టొచ్చు అని ముందుగాల అచ్చులో పెట్టినోడు ఫాల్డ్స్, సైన్స్ లెక్కన నిలబెట్టినోడు గాల్టన్, దాంతోని హత్య కేసు తేల్చింది అర్జెంటీనాల వుసెటిచ్ పద్ధతి, లక్షల కార్డుల నుంచి ఒక్క కార్డు బయటికి తీసే లెక్క కట్టింది కలకత్తాల అజీజుల్ హక్, హేమచంద్ర బోస్, ఆ లెక్క మీద పేరు పడింది వాళ్ళ ఆఫీసర్ ఎడ్వర్డ్ హెన్రీది. నన్నడిగితే అన్నిట్లకు పెద్ద పని ఆ చివరిదే. ఎందుకో చెప్త.

ముందు హెర్షెల్ ముచ్చట. విలియం హెర్షెల్ బెంగాల్‌లో జంగీపూర్ అనే చోట ఆఫీసర్. 1858లో రోడ్డుకు కంకర సప్లై చెయ్యాలె అని రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టర్‌తోని కాగితం రాసుకున్నడు. ఈయనకు భయం ఏందంటే, రేపు పొద్దున ఆ కాంట్రాక్టర్ ఈ సంతకం నాది కాదు అంటే ఏం చెయ్యాలె? ఆఫీసు ముద్రకు వాడే నూనె సిరా కోనాయ్ అరచేతికి, వేళ్ళకు పూసి కాగితం వెనక అచ్చు వేయించిండు. సైన్స్ లేదు ఏం లేదు, మాట తప్పకుండ భయపెట్టాలె, అంతే ఉద్దేశం. నువ్వు మన దిక్కు పాత సాదాబైనామా కాగితం, అంటే రిజిస్ట్రేషన్ లేకుండ తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం, ఏదన్న తీసి చూడు, కింద నిశాని అని రాసి బొటనవేలి ముద్ర ఉంటది, పక్కన ఇద్దరు సాక్షులు. ఇది గదే పని. వేలిముద్ర మొదలైంది దొంగల కోసం కాదు, కాగితం మీద మాట తప్పకుండ ఉండేటందుకు. సినిమాలు చూసి మనం ఉల్టా అనుకుంటం.

ఆయన గొప్పతనం తర్వాత తెలుస్తది. సొంత వేళ్ళ ముద్రలు, దోస్తులయి, ఇంట్లోళ్ళయి ఏండ్ల తరబడి తీసుకుంట దాచిపెట్టిండు, గీతలు మారుతలేవని తన కండ్లతోని చూసిండు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేట్‌గ ఉన్నప్పుడు పెన్షన్ తీసుకునేటోళ్ళకు, రిజిస్ట్రేషన్ కాగితాలకు, జైలు ఖైదీలకు ముద్రలు పెట్టించిండు. పెన్షన్‌కు ఎందుకంటే, ముసలాయన చనిపోయినా ఇంకొకడు వచ్చి నేనే ఆయన్ని అని పైసలు పట్టుకపోయేటోడు. ఆ సంవత్సరమే దీన్ని వేరే చోట్ల కూడ పెడదాం అని పై ఆఫీసర్‌కు లెటర్ రాసిండు, పైనోళ్ళు పట్టించుకోలే. మన దగ్గర ఆసరా పెన్షన్‌కు వేలు పెట్టుమన్నది కూడ అదే కత, మిషన్ మారింది గంతే.

హెన్రీ ఫాల్డ్స్ వేరే మనిషి, స్కాట్లాండ్ డాక్టర్, జపాన్‌లో టోక్యోలో మిషన్ దవాఖాన నడిపిండు. అక్కడ తవ్వకాల్లో దొరికిన పాత కుండ పెంకుల మీద కుమ్మరోళ్ళ వేళ్ళ గుర్తులు చూసి దీని మీద పడ్డడు. 1880 అక్టోబర్ 28న నేచర్ పత్రికలో ఆయన లెటర్ అచ్చయింది. అందులో రెండు సొంత అనుభవాలు రాసిండు, నాకు మస్తు ఇష్టం అవి. దవాఖానలో స్పిరిట్ ఎవరో తాగుతున్నరు, గ్లాసు మీద జిడ్డు ముద్ర చూసి ఎవరో పట్టుకున్నడు. ఇంకోసారి తెల్ల గోడ ఎక్కినోని మసి ముద్రలు చూసి, అనుమానించిన మనిషి వాడు కాదని తేల్చిండు. చూసినవా, మొదటి రెండు కేసుల్లోనే ఒకడు దొరికిండు, ఒకడు బయటపడ్డడు. ఫింగర్‌ప్రింట్ పని రెండు దిక్కులా తిరుగుతది, ఇది మా డిపార్ట్‌మెంట్‌లో కూడ శానమంది మర్చిపోతరు.

ఫాల్డ్స్ లెటర్ పడంగనే నవంబర్‌లో హెర్షెల్ కూడ నేచర్‌కు రాసిండు, నేను ఇండియాలో ఇరవై ఏండ్ల నుంచి చేస్తున్న అని. ఇగ అక్కడి నుంచి ఎవరు ఫస్ట్ అని పంచాయితి, ముసలితనం దాకా నడిచింది. ఫాల్డ్స్ అంతకుముందే డార్విన్‌కు రాసిండు, డార్విన్ పెద్దమనిషి, నాకు ఓపిక లేదు అని తన చుట్టం గాల్టన్‌కు పంపిండు. గాల్టన్ తర్వాత పుస్తకం రాసినప్పుడు ఎక్కువ పేరు హెర్షెల్‌కు ఇచ్చిండు, ఫాల్డ్స్‌ను పక్కన పెట్టిండు. నా లెక్కన అది అన్యాయమే.

గాల్టన్ 1892 పుస్తకంతోని వచ్చిన లాభం ఏందంటే, హెర్షెల్ దాచిన పాత ముద్రలు, కొత్త ముద్రలు పక్కపక్కన పెట్టి గీతలు మారవని చూపించిండు, గీత ఎక్కడ ఆగింది ఎక్కడ రెండుగ చీలింది అనే చిన్న చిన్న గుర్తులే అసలు గుర్తింపు అని చెప్పిండు, వాటినే ఇప్పుడు మినూషియే అంటం. రెండు వేళ్ళు కలిసే అవకాశం 6400 కోట్లలో ఒకటి అని అంచనా కట్టింది కూడ ఈయనే. అది లెక్కగట్టిన అంచనా, ప్రపంచంల అందరి వేళ్ళు చూసి చెప్పింది కాదు, ఎగ్జామ్‌లో రాసేటప్పుడు గుర్తు పెట్టుకో. ఈయనకంటే ముందు 1823లో పుర్కిన్యే అనే ప్రొఫెసర్ గీతలను తొమ్మిది రకాలుగ విడగొట్టిండు, కానీ మనుషుల్ని గుర్తుపట్టే ఆలోచన ఆయనకు లేదు.

ఇక హత్య కేసు. యువాన్ వుసెటిచ్, క్రొయేషియా దిక్కు నుంచి అర్జెంటీనా పోయి లా ప్లాటాలో పోలీసు ఆఫీసులో చేరినోడు. 1891లో గాల్టన్ పని గురించి చదివి సొంత పద్ధతి మొదలుపెట్టిండు. 1892లో నెకోచియాలో ఇద్దరు పిల్లల్ని చంపిండ్రు, తల్లి ఫ్రాన్సిస్కా రోహాస్ పక్కింటాయన మీద చెప్పింది, ఆయన్ని ఎంత కొట్టినా ఒప్పుకోలే. అల్వారెజ్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపు మీద నెత్తుటి వేలిముద్ర చూసిండు, ఆ చెక్క ముక్క కోసుకొని పోయిండు, తీరా చూస్తే అది తల్లి బొటనవేలు. చూపించంగనే ఒప్పుకుంది.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. ఎవరి ముద్ర వాళ్ళదే అని తెలిసింది, మారదు అని తెలిసింది, మరి పోలీసుకు ఏం లాభం? దొరికినోడు తప్పుడు పేరు చెప్పిండు. నీ దగ్గర లక్ష మంది పాత నేరస్తుల కార్డులున్నయి. వాని కార్డు ఏది? ఒక్కొక్కటి భూతద్దం పెట్టి చూస్తే సంవత్సరం పడ్తది. అందుకనే అప్పట్లో పారిస్ బెర్టిలాన్ పద్ధతి నడిచేది, తల పొడుగు, చెయ్యి పొడుగు, కాలు, చెవి ఇట్ల పదకొండు కొలతలు. బెంగాల్‌లో కూడ అదే పెట్టిండ్రు. కానీ ఒక కానిస్టేబుల్ కొలిస్తే ఒకటి, ఇంకొకడు కొలిస్తే ఇంకొకటి. మా ఊర్లో పొలం సర్వే లెక్క అన్నట్టు, ఎవడు గొలుసు పడితే వానిదే గట్టు.

హెన్రీ బెంగాల్ పోలీసుకు ఐజీ. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు బాగ వచ్చే పిల్లగాణ్ణి పంపుమంటే వచ్చినోడు అజీజుల్ హక్, సబ్ ఇన్‌స్పెక్టర్‌గ తీసుకున్నడు. హేమచంద్ర బోస్ కూడ అక్కడే. వీళ్ళ లెక్క ఎట్లుంటదో నీ చేతులతోనే చేసి చూడు, ఎగ్జామ్‌కు కూడ పనికొస్తది.

మన ముసలోళ్ళు, జాతకం చెప్పేటోళ్ళు వేళ్ళ మీద శంఖాలు, చక్రాలు లెక్కపెడ్తరు కద. చక్రం అంటే గుండ్రంగ తిరిగిన గీతలు, దాన్ని మేం వోర్ల్ అంటం. ఒక దిక్కు నుంచి వచ్చి మళ్ళీ అదే దిక్కు పోయేది లూప్, ఇదే ఎక్కువ మందికి ఉంటది, సుమారు అరవై ఐదు శాతం దాకా. చక్రాలు ముప్పై చిల్లర. గుట్ట లెక్క లేసి దిగేది ఆర్చ్, అది వందలో ఐదు.

కుడి బొటనవేలు ఒకటి, కుడి చూపుడు వేలు రెండు, అట్ల కుడి చిటికెన వేలు ఐదు, ఎడమ బొటనవేలు ఆరు, ఎడమ చిటికెన వేలు పది. రెండేసి వేళ్ళ చొప్పున ఐదు జతలు. చక్రం ఉంటేనే మార్కు, లేకపోతే సున్నా. మొదటి జతలో చక్రానికి 16, రెండో జతకు 8, తర్వాత 4, 2, చివరి జతకు 1. సరి నంబర్ వేళ్ళ మార్కులు కూడి పైన రాయి, బేసి వేళ్ళవి కూడి కింద రాయి, రెండింటికీ ఒక్కొక్కటి కలుపు. ఉదాహరణకు నీకు కుడి బొటనవేలికి, కుడి ఉంగరపు వేలికి మాత్రమే చక్రాలున్నయి అనుకో. బొటనవేలు ఒకటో నంబర్, బేసి, కింద 16. ఉంగరపు వేలు నాలుగో నంబర్, సరి, రెండో జత, పైన 8. ఒకటి ఒకటి కలిపితే 9/17. అంటే నీ కార్డు 9/17 అరలో ఉంటది, నువ్వు ఏ పేరు చెప్పినా సరే. ఒక్క చక్రం లేనోడు 1/1, పదికి పది చక్రాలోడు 32/32. పైన 32 రకాలు, కింద 32 రకాలు, మొత్తం 1024 అరలు. ఒక అరలో మళ్ళీ గీతలు లెక్కబెట్టి ఇంకా చిన్న భాగాలు చేస్తరు. లక్ష కార్డుల్లో వెతికేది నిమిషాల పని అయిపోయింది.

1897లో గవర్నమెంటు కమిటీ చూసి కొలతల పద్ధతి బంద్ పెట్టి ఇది పెట్టుమంది, అదే ఏడు కలకత్తాలో ఫింగర్‌ప్రింట్ బ్యూరో తెరిచిండ్రు. ప్రపంచంల మొదటిది అని మన పుస్తకాల్లో రాస్తరు, అర్జెంటీనా వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళ లెక్క వాళ్ళది. 1901లో హెన్రీ లండన్ పోయి స్కాట్లండ్ యార్డ్‌లో ఇదే పద్ధతి పెట్టిండు, అక్కడి నుంచి ఇంగ్లీషోళ్ళు ఉన్న ప్రతి దేశానికి పోయింది. కంప్యూటర్లు వచ్చేదాకా మేం కార్డులు వెతికింది ఆ పైన-కింద అంకెలు పట్టుకొనే.

మరి క్రెడిట్ కొట్టేసిండా అంటే, సగం నిజం. 1900లో వచ్చిన పుస్తకం మీద పేరు హెన్రీది, పద్ధతి పేరు హెన్రీది, ఆ తర్వాత సర్ అయిందీ ఆయనే. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు, చెరి ఐదు వేల రూపాయలు, అవి కూడ శాన ఏండ్లకు, అడగంగ అడగంగ వచ్చినయి. హెన్రీ పూర్తి దొంగ మాత్రం కాదు, 1926లో హక్ గురించి రాస్తూ నా స్టాఫ్‌లో అందరికంటే ఎక్కువ పని చేసింది ఇతనే అని ఒప్పుకున్నడు. కానీ అప్పటికి లోకం అంతా హెన్రీ సిస్టమ్ అనుడు అలవాటైపోయింది. తెలిసినోణ్ణి పెట్టి, పైసలు మంజూరు చేయించి, గవర్నమెంటును ఒప్పించుడు కూడ పనే, అది హెన్రీ చేసిండు. లెక్క మాత్రం హక్‌ది. ఎగ్జామ్‌లో వర్గీకరణ పద్ధతి ఎవరిది అంటే హెన్రీ పెట్టు, మార్కు పోగొట్టుకోకు, దాని వెనక ఉన్న భారతీయులు ఎవరు అంటే ఈ ఇద్దరు.

మన దేశంలో కోర్టుకు పోయిన తొలి కేసుల్లో పెద్దది 1898 జల్పాయిగురి టీ తోట మేనేజర్ హత్య. పెట్టె పగలగొట్టి ఉంది, అందులో ఒక బెంగాలీ పంచాంగం మీద నెత్తుటి మరకలు. చూస్తే అంతకుముందు దొంగతనంలో శిక్ష పడ్డ పాత నౌకరు కంగాలీ చరణ్ కుడి బొటనవేలు, కార్డు బ్యూరోలో ఉండె కాబట్టి దొరికిండు. కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది, హత్య నుంచి వదిలేసింది. కొందరు ఇది కోర్టుకు నమ్మకం లేక అంటరు, నాకైతే ఆ తీర్పు బాగనే ఉంది అనిపిస్తది. ముద్ర చెప్పింది వాడు ఆ పెట్టె ముట్టుకున్నడు అని, గొంతు కోసిండు అని కాదు కద. 1899లో ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 45లో వేలిముద్రల నిపుణుల మాట చేర్చిండ్రు, ఇప్పుడు అదే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 39.

నా సర్వీసులో కూడ అదే పాఠం. పాలమూరు దిక్కు ఒక ఇంట్ల దొంగతనం, బీరువా మీద పౌడర్ కొడితే కుప్పలు కుప్పలు ముద్రలు లేసినయి, అన్నీ ఇంటోళ్ళయే. అందుకే ముందు ఇంట్లో ఉన్నోళ్ళందరివి తీసుకొని పక్కన పెట్టాలె. పనికొచ్చింది బాత్రూమ్ కిటికీ అద్దం పలక. వాడు ఒక్కొక్క పలక మెల్లగ గుంజి, సప్పుడు కాకుండ గోడకు ఆనిచ్చి పెట్టిండు. ఒక పలకకు ఒక దిక్కు బొటనవేలు, వెనక దిక్కు సరిగ్గ దానికి ఎదురుగ చూపుడు, మధ్య వేళ్ళు. ఊకె తాకితే అట్ల పడదు, పట్టుకొని లేపితేనే పడ్తది. కిటికీ బయట దిక్కు చెయ్యి పెట్టే పని ఇంటోళ్ళకు లేదు. అదొక్కటి సరిపోయింది.

భూమి కేసులు ఇంకో రకం. సాదాబైనామా కాగితం కోర్టు నుంచి వస్తది, నిశాని మా నాయినది కాదు అని కొడుకులు. సగం కాగితాల్లో స్టాంప్ ప్యాడ్ మీద వేలు గట్టిగ ఒత్తి, కాగితం మీద ఇంకా గట్టిగ ఒత్తుతరు, గీతల నడుమ సందులన్నీ సిరాతో నిండి నీలం మచ్చ తప్ప ఏం మిగలదు. అసొంటిది పోల్చలేం అనే రాసి పంపుతం. మంచిగున్నా ఆ ముద్ర ఎవరిది అనే చెప్తం. ఎప్పుడు వేసిండు, తాగిపిచ్చి వేయించిండ్రా, ప్రాణం పోయినంక వేలు పట్టి ఒత్తిండ్రా అని వకీళ్ళు అడుగుతరు, సిరా ముద్ర చూసి అవి గట్టిగ చెప్పే దారి మా దగ్గర లేదు. అవి సాక్షులు చెప్పాలె.

ఇగ వేలిముద్ర ఎన్నడూ తప్పు కాదు అనే మాట. గీతలు తప్పు చెప్పయి, చూసే మనిషి తప్పు చెప్తడు. 2004లో స్పెయిన్ మాడ్రిడ్ రైళ్ళ పేలుళ్ళ కేసులో ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్రను అమెరికా ఎఫ్‌బీఐ కంప్యూటర్‌లో వేస్తే ఇరవై మంది లిస్టు వచ్చింది, అందులో ఒక లాయర్‌ది కలిసింది అని వాళ్ళ ఎక్స్‌పర్టులు ఒకరెనక ఒకరు రాసిండ్రు, ఆయన్ని రెండు వారాలు లోపలేసిండ్రు. తర్వాత స్పెయిన్ పోలీసులు అది అల్జీరియా మనిషిది అని తేల్చిండ్రు, ఎఫ్‌బీఐ మాఫీ చెప్పింది. మొదటోడు సంతకం పెట్టిన కాగితం ముందు పెట్టుకొని చూస్తే రెండోనికి కూడ అదే కనబడ్తది. 2011లో 169 మంది ఎక్స్‌పర్టులకు పరీక్ష పెట్టిండ్రు, వేరే మనుషులవి కలిసినయి అని తప్పు చెప్పింది 0.1 శాతం, నిజంగ కలిసేవి కలవలేదు అన్నది 7.5 శాతం. తక్కువనే, కానీ సున్నా కాదు. ఇప్పుడు రోడ్డు మీద చెకింగ్‌లో పాపిలాన్ మిషన్ మీద వేలు పెట్టంగనే పాత కేసులు చూపెడ్తది, దేశం మొత్తానికి 2022 నుంచి నాఫిస్ అనే వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థ ఉంది. మిషన్ ఇచ్చేది దగ్గరిదగ్గరి పేర్ల లిస్టు. మ్యాచ్ అయిందా లేదా మనిషే చూసి రాయాలె.

చివరికి మీ నానమ్మ సంగతి. గీతలు తల్లి కడుపులో సుమారు పదో వారం నుంచి పదిహేడో వారం నడుమ ఏర్పడ్తయి, వాటి అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటది. అందుకే కవలలకు కూడ వేరే ఉంటయి, పైన తోలు ఊడినా మళ్ళీ అదే గీత లేస్తది. డిజైన్ మారలే, పైన గీత అరిగింది. నాట్లేసుడు, పత్తి ఏరుడు, సిమెంటు పని, మట్టి పని చేసిన చేతులు, పైగ ముసలితనంలో తోలు పల్చగయి ముడతలు పడ్తది, ఎండకాలం ఎండి గీత లేవదు, మిషన్‌కు కనబడదు. పాలమూరు లేబర్ చేతులు నేను శాన చూసిన, గంప మోసీ మోసీ బొటనవేలు అద్దం లెక్క నున్నగైతది. పని బంద్ చేసి కొన్ని వారాలు ఆగితే గీతలు తిరిగి కనబడ్తయి.

నువ్వు చెయ్యాల్సింది ఏందంటే, షాపుకు పొయ్యే ముందు గోరువెచ్చని నీళ్ళతోని చేతులు కడిగించు, కొబ్బరి నూనె చాలా కొంచెం రాసి బట్టతోని పూర్తిగ తుడువు, తడి, జిడ్డు రెండూ ఉండొద్దు. బొటనవేలే పెట్టాలె అని ఏం లేదు, ఉంగరపు వేలు, చిటికెన వేలు తక్కువ అరుగుతయి, అవి పెట్టి చూడమను. వేలు మిషన్ మీద బోర్లించి మెల్లగ ఆనించాలె, గట్టిగ ఒత్తితే గీతలు చదునైతయి, డీలర్లు ముసలోళ్ళ వేలు పట్టి ఒత్తేది చూస్తే నాకు కోపమొస్తది. అప్పటికీ పడకపోతే కంటి ఐరిస్ పెట్టుమని అడుగు, లేకపోతే ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ ఉంటే ఓటీపీ. ఇవన్నీ అయినంక ఆధార్ సెంటర్‌కు తీసుకపోయి పది వేళ్ళు, కండ్లు కొత్తగ అప్‌డేట్ చేయించు, నాట్ల సీజన్ అయిపోయినంక పో, అప్పుడైతే వేళ్ళు జర బాగుంటయి.